మారుపేరు మాటయైన తీరు

మనుష్యునికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి. లోకము పెట్టిన పేరు వేరొకటి. ఈ రెండవదానినే సందర్భమును బట్టి మారుపేరు, బిరుదము, ఎగతాళిపేరు అని వ్యవహరించుచున్నాము. ఇట్టి పేళ్లలో పెక్కు మనుష్యునితో పాటు అంతరించును. కొన్ని మాత్రము అతనిని విడిచి, సామాన్యపదములై భాషలో నిలుచును. ఆ మార్పు ఎట్లు జరుగునో, దానిని పరిశోధించువారు ఏ జాగ్రత్త వహింపవలెనో ఈ వ్యాసమున వివరింపబడును.

మొదట పల్లెను చూతము. కోనసీమ జిల్లాలో గౌతమీతీరమున నున్న ఆలమూరు వంటి గ్రామములలో తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము వలన ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు పలువు రుందురు. వారిని వేరుపరచుటకు పెద్ద, చిన్న, మిల్లు, గట్టు, తోట వంటి మాటలు పేరుకు ముందు చేరును. 'మిల్లు సుబ్బారావుగారు' అన్నపుడు ఆ 'మిల్లు' ఎగతాళి కాదు, గుర్తు. కనుకనే దానితో 'గారు' పొసగుచున్నది. జనము గౌరవముతో పెట్టిన పేళ్లును కలవు. ధవళేశ్వరము ఆనకట్టను 1847–1852 మధ్య నిర్మించిన ఆర్థర్ కాటన్‌కు 1861లో ప్రభుత్వ మిచ్చినది 'సర్'. డెల్టా రైతు ఇచ్చినది 'దొర'. మొదటిది అధికారపత్రములలో నున్నది. రెండవది నేటికిని నాలుకపై నున్నది.

పత్రికలు వచ్చిన పిదప పేరు పెట్టు అధికారము ఊరి అరుగును దాటినది. కృష్ణాపత్రిక 1902లో వెలువడినది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసున దినపత్రిక యైనది. జాతీయోద్యమ కాలమున 'దేశభక్త' కొండ వెంకటప్పయ్య, 'ఆంధ్రరత్న' దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, 'దేశోద్ధారక' కాశీనాథుని నాగేశ్వరరావు అను బిరుదములు పత్రికల ద్వారా ఇంటింటికి చేరినవి. సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భమున 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన టంగుటూరి ప్రకాశము 'ఆంధ్రకేసరి'గా ప్రసిద్ధికెక్కెను. ఇవి దాదాపు అన్నియు సంస్కృత సమాసములు. పత్రికా శీర్షికలో చక్కగా ఇముడును. అయినను ఇవి సామాన్యపదములు కాలేదు. వేరొక ధీరుని చూచి 'ఇతడొక ఆంధ్రకేసరి' అని ఎవరును అనరు. పత్రిక ఇచ్చిన పొగడ్త ఒక్కరి సొత్తు. నింద మాత్రము పలువురికి సరిపోవును. కనుకనే మాటగా మారు యోగ్యత బిరుదము కంటె ఎగతాళిపేరుకు ఎక్కువ.

దీనికి నిదర్శనములు కలవు. 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'లోని గిరీశము ఒక పాత్ర; నేడు మాటకారియైన మోసగాడు ఎవడైనను గిరీశమే. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ కొలది దినములలో పలుమార్లు పార్టీ మార్చగా 'ఆయారాం గయారాం' అను మాట పుట్టినది. 'గయా' అనగా హిందీలో 'వెళ్లెను' అని కూడ అర్థ ముండుట ఆ పేరుకు కలిసివచ్చినది. ఫిరాయింపుల నిషేధమునకై 1985లో రాజ్యాంగమునకు 52వ సవరణ వచ్చినను మాట పోలేదు. తెలుగు పత్రికలు అట్టివారినే 'జంపు జిలానీలు' అనుచున్నవి. ఆంగ్లక్రియ, మహమ్మదీయనామము, జకారముల అనుప్రాస కలిసిన ఈ పదము 2014లో ఒక చలనచిత్రమునకు పేరైనది. ఇందలి బహువచన ప్రత్యయము గమనింపదగినది. వ్యక్తినామమునకు ముందు 'ఒక' నిలిచినపుడు, వెనుక 'లు' చేరినపుడు అది మాటగా మారినదని వ్యాకరణమే సాక్ష్యము చెప్పుచున్నది.

నగరము భాషల కూడలి. ఉర్దూలో మేకయగు 'బకరా' తెలుగున మోసపోయినవాడైనది. తెలుగు 'నైనా' మద్రాసు తమిళమున పిలుపుమాట యైనది. న్యాయస్థానము నుండి ఒక సంఖ్యయే వీధిలోనికి వచ్చినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసమునకు శిక్ష విధించినది 420వ సెక్షను. పోలీసుల, ప్లీడర్ల నోట పలుకుచు, నేరవార్తలలో కనబడుచు, 1955 నాటి 'శ్రీ 420' అను హిందీ చిత్రముతో మరింత వ్యాపించి, అది 'ఫోర్ ట్వంటీగాడు' అను తిట్టుగా స్థిరపడినది. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చుటతో మోసమునకు 318వ సెక్షను వర్తించుచున్నది. చట్టము మారినది, తిట్టు మారలేదు.

మన శాస్త్రకారుల పరిభాషలో చెప్పవలెనన్న 'మిల్లు సుబ్బారావు' యౌగికము, అవయవార్థముతోనే తెలియును. 'ఆంధ్రకేసరి' పంకజ శబ్దము వలె యోగరూఢము. శిక్షాస్మృతి నెరుగనివాని నోట 'ఫోర్ ట్వంటీ' కేవలము రూఢము. పరిశోధకునికి చిక్కు ఇచ్చటనే కలదు. మూలము మరపునకు వచ్చిన కొలది దాని స్థానమున కథలు పుట్టును; కథ ఎంత రుచిగా నుండిన అంత త్వరగా అచ్చెక్కును. 420ని నేటి చట్టమున వెదకి కానక, రేపటి విద్యార్థి వేరొక కథను నమ్మవచ్చును.

కావున మారుపేళ్లను సేకరించువారు మూడు నియమములు పాటింపవలెను. మాట కనబడిన తొలి పత్రికాసంచిక తేదీని గుర్తింపవలెను. చెప్పబడు సంఘటన ఆ తేదీకి ముందుదో వెనుకదో చూడవలెను. ఆ కథ మాటయొక్క రూపమునకును నేటి అర్థమునకును పొసగునో లేదో పరీక్షింపవలెను. ఇంకొక ధర్మమును కలదు. కులమును, అంగవైకల్యమును పట్టి పెట్టిన పేళ్లు పల్లెలందును నగరములందును ఎన్నియో కలవు. వానిని విడిచిన భాషాచరిత్ర అసమగ్రమగును. బ్రతికియున్నవారి పేళ్లతో జతపరచి అచ్చువేసిన ఎగతాళి శాశ్వతమగును. మాటను, ఊరిని, కాలమును వ్రాసికొని వ్యక్తిని విడిచిపెట్టుట ఉచితము. ఆ మాటలు తెలిసిన వృద్ధులు ఊరూర ఉన్న ఈ కాలముననే పరిశోధక విద్యార్థులు ఈ పనికి పూనుకొనవలసియున్నది.