మీ కారులో ఉన్నది డైనమోనా, ఆల్టర్నేటరా? బండిలో ఫోన్ చార్జింగ్ పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన తేడా ఇదే!

కొత్త ఫోన్ కొనేటప్పుడు చార్జర్ 33 వాట్లా, 67 వాట్లా అని ఆరా తీస్తాం. అదే ఫోన్‌ని కారులో చార్జింగ్ పెట్టినప్పుడు మాత్రం ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో పట్టించుకోం. అడిగితే "బ్యాటరీ నుంచి" అంటాం. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నంతసేపే ఆ మాట నిజం. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మీ ఫోన్‌కి, హెడ్‌లైట్లకి, ఏసీ ఫ్యాన్‌కి, ఆఖరికి ఆ బ్యాటరీకి కూడా కరెంటు ఇచ్చేది బానెట్ కింద బెల్టుతో తిరిగే ఒక యంత్రం. దాన్ని మెకానిక్ డైనమో అంటాడు. షోరూమ్ బిల్లులో ఆల్టర్నేటర్ అని ఉంటుంది. ఇంకొందరు జనరేటర్ అంటారు.

నేను ఉండేది బోరబండలో. సైట్-3 నుంచి మోతీనగర్ దాకా రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యాబులు, ఆటోలు, డెలివరీ బైకులు చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఈ బండ్లు నడిపేవాళ్లకి ఫోనే మ్యాపు, ఫోనే మీటరు, ఫోనే గల్లాపెట్టె. ఫోన్ ఆగిందంటే ఆ పూట సంపాదన ఆగినట్టే. అందుకే ఈ పేర్ల గోల కాస్త విడమరిచి చెప్పాలనిపించింది.

మూడు పేర్లు, ఒకటే సూత్రం

తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపితే తీగలో కరెంటు పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో చూపించాడు. ఆ పద్ధతిలో కరెంటు పుట్టించే ఏ యంత్రమైనా జనరేటరే. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల ముందు దడదడలాడే డీజిల్ డబ్బా కూడా అదే కుటుంబం. డీసీ కరెంటు ఇస్తే డైనమో, ఏసీ కరెంటు పుట్టిస్తే ఆల్టర్నేటర్. తేడా ఇంతే.

ఇక్కడో తమాషా ఉంది. చిన్నప్పుడు సైకిల్ టైరుకి ఆనించి లైటు వెలిగించిన బుడ్డి గుర్తుందా? దాన్ని అందరం డైనమో అనే పిలిచాం. లోపల తిరిగేది మాత్రం అయస్కాంతం, బయటికొచ్చేది ఏసీ. అంటే పేరుకి డైనమో, పనికి ఆల్టర్నేటర్!

లోపల ఏం తిరుగుతుంది?

పాత కార్ల డైనమోలో అయస్కాంతం బాడీకి బిగించి ఉంటుంది, మధ్యలో తీగచుట్టలు తిరుగుతాయి. పుట్టిన కరెంటు మొత్తం కమ్యుటేటర్ అనే రాగి ముక్కల వలయం మీదుగా, కార్బన్ బ్రష్‌ల ద్వారా బయటికి రావాలి. అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి, బ్రష్‌లు అరుగుతాయి. మరీ వేగంగా తిప్పితే చుట్టలు ఊడొస్తాయి. అందుకే పెద్ద పుల్లీ పెట్టి నిదానంగా తిప్పేవారు. ఫలితంగా బండి సిగ్నల్ దగ్గర ఆగితే చార్జింగ్ దాదాపు ఉండేది కాదు.

ఆల్టర్నేటర్‌లో ఇది తలకిందులు. తిరిగేది విద్యుదయస్కాంతం. కరెంటు పుట్టే చుట్టలు చుట్టూ కదలకుండా ఉంటాయి. బ్రష్‌ల మీదుగా పోయేది అయస్కాంతానికి కావలసిన నాలుగైదు ఆంపియర్లే. కాబట్టి ఇంజిన్ కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిప్పినా ఇబ్బంది లేదు. ఐడిల్‌లో కూడా కరెంటు వస్తుంది. పుట్టిన ఏసీని డయోడ్లు డీసీగా మారుస్తాయి, రెగ్యులేటర్ దాన్ని 14 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది.

మరి ముందే ఎందుకు పెట్టలేదు? చిన్నవిగా, చవగ్గా సిలికాన్ డయోడ్లు దొరకాలి కదా. అవి వచ్చాకే క్రైస్లర్ కంపెనీ 1960 మోడల్ వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ని స్టాండర్డ్‌గా ఇచ్చింది. మన దగ్గర పాత అంబాసిడర్లు, ఫియట్లు డైనమోతోనే తిరిగాయి. అవి ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. ఇప్పటి చిన్న కారు ఆల్టర్నేటర్ 60, 70 ఆంపియర్లు ఇస్తుంది.

మా గల్లీలో జరిగింది

మా గల్లీలో ఒక క్యాబ్ డ్రైవర్ ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "అన్నా, డైనమో పోయిందంటున్నడు, ఆరువేలు అయితదట. నువ్వు గ్యాడ్జెట్ల గురించి రాస్తవ్ గదా, జర చూడు" అన్నాడు. సిగ్నల్ దగ్గర బ్యాటరీ లైటు మిణుకుమిణుకుమంటోంది, పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. షెడ్డులో మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి టెస్ట్ చేశాడట. అదే క్షణం డ్యాష్‌క్యామ్ ఆరిపోయింది, ఫోన్ చార్జర్ పనిచేయడం మానేసింది. ఫోన్ దానికి తగిలించి లేకపోవడం అతని అదృష్టం.

మల్టీమీటర్ పెట్టి చూశాను. ఐడిల్‌లో ఏసీ వేస్తే 12.2 వోల్టులు. ఎక్సలరేటర్ తొక్కితే బెల్టు కీచుమంటోంది, మీటరు 13 దాటడం లేదు. బెల్టు వదులైంది! వేరే చోట కొత్త బెల్టు వేయించి బిగించాక అదే ఐడిల్‌లో 14.1 చూపించింది. ఆల్టర్నేటర్ మార్చే పనే పడలేదు. కానీ డ్యాష్‌క్యామ్, చార్జర్ మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది.

టెర్మినల్ ఎందుకు పీకకూడదు?

అది డైనమో కాలపు అలవాటు. అప్పుడు బండిలో డయోడ్లు లేవు, కంప్యూటర్ లేదు, చెడడానికి పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు అలా కాదు. ఆల్టర్నేటర్ జోరుగా చార్జ్ చేస్తున్నప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా ఊడితే, ఆ కరెంటుకి పోవడానికి దారి ఉండదు. అయస్కాంత బలం తగ్గడానికి సెకనులో కొంత భాగమైనా పడుతుంది. ఆలోగా వోల్టేజ్ ఎగిసిపడుతుంది. రక్షణ లేని ఆల్టర్నేటర్‌లో అది 100 వోల్టుల దగ్గరికి కూడా వెళ్లగలదు. రక్షణ డయోడ్లున్న వాటిలో 35 వోల్టుల చుట్టూ ఆగుతుంది. 24 వోల్టుల వరకే అని రాసి ఉన్న చవక చార్జర్‌కి అది కూడా ఎక్కువే. చార్జర్ లోపల షార్ట్ అయితే తర్వాతి వంతు మీ ఫోన్‌దే.

మీటరుతో మీరే చూసుకోవచ్చు

సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ చాలు, చాలా చార్జర్లలో ఇన్‌బిల్ట్‌గా కూడా వస్తోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి లెక్క ఇదీ:

- రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ ఫుల్.
- 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే సెల్ఫ్ మొరాయిస్తుంది.
- ఇంజిన్ ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కంగారు పడకండి.
- 15 దాటి నిలబడితే రెగ్యులేటర్ మీద అనుమానపడాలి. అప్పుడు ముందు ఫోన్ తీసేయండి.

ఒక అపోహ కూడా తీర్చేస్తాను. ఫోన్ నెమ్మదిగా చార్జ్ అవుతుంటే అది ఆల్టర్నేటర్ తప్పు కాదు. 12 వచ్చినా 14 వచ్చినా మంచి చార్జర్ దాన్ని ఫోన్ అడిగిన వోల్టేజ్‌కి దించి ఇస్తుంది. చార్జర్, కేబుల్, ఎండలో మ్యాప్ ఆన్‌లో ఉండి వేడెక్కిన ఫోన్, వీటిని చూడండి.

ఆగి ఉన్న బండిలో కథ వేరు. అర ఆంపియర్ లాగే డ్యాష్‌క్యామ్ రోజుకి 12 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది. 35 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజులకే నీరసపడుతుంది.

బైకులు, ఆటోలు, ఈవీలు

బైకుల్లో, ఆటోల్లో బెల్టు ఉండదు. ఇంజిన్‌తోపాటే తిరిగే మాగ్నెట్, దాని లోపల కాయిల్ ఉంటాయి. ఇదీ ఏసీ యంత్రమే. డీసీగా మార్చేది మెకానిక్‌లు 'ఆర్‌ఆర్ యూనిట్' అనే చిన్న డబ్బా. బైకు బ్యాటరీ చిన్నది, చాలా బైకుల్లో 3 నుంచి 5 ఏహెచ్. 15 వాట్ల చార్జర్ ఇంజిన్ ఆఫ్‌లో గంట నడిస్తే 4 ఏహెచ్ బ్యాటరీలో మూడో వంతు ఖాళీ. హోటల్ ముందు ఆర్డర్ కోసం ఆగినప్పుడు చార్జర్ తీసేయండి, లేదా తాళంతో ఆగిపోయేలా వైరింగ్ చేయించండి.

ఈవీల్లో ఆల్టర్నేటరే ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ 12 వోల్టులు తీసి ఇస్తుంది. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు తిప్పే మోటారే కరెంటు పుట్టించి వెనక్కి పంపుతుంది.

మా మాట: ఫ్యూజు, ఓవర్ వోల్టేజ్ రక్షణ ఉన్న చార్జర్ కొనండి. సెల్ఫ్ కొట్టాకే ఫోన్ తగిలించండి. మెకానిక్ డైనమో అన్నా ఆల్టర్నేటర్ అన్నా పర్వాలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ మీద చెయ్యి వేస్తే మాత్రం ఆపండి. "మీటర్ పెట్టి చూడన్నా" అనండి.