తరగతి గదిలో దొంగ పడ్డాడు!

ల్యాబ్‌ గుమ్మానికి అడ్డంగా పసుపు రంగు టేపు. లోపల బల్ల మీద ఉండాల్సిన ట్రోఫీ కప్పు కనిపించడం లేదు. దాని స్థానంలో సగం తాగిన జ్యూస్‌ గ్లాసు, నల్ల ఇంకుతో రాసిన చిన్న చీటీ ఉన్నాయి. కిటికీ కింద పూలకుండీ మట్టిలో ఒక బూటు గుర్తు. అనుమానితులు నలుగురు... ఆటల కోచ్‌, లైబ్రేరియన్‌, స్కూలు ఊడ్చే మనిషి, సాక్షాత్తూ ప్రిన్సిపల్‌!

చేతులకు గ్లవుజులు తొడుక్కున్న పదో తరగతి పిల్లలు టేపు దాటి ఒక్కొక్కరే లోపలికి అడుగుపెడతారు. ఒకరు ఫొటోలు తీస్తారు, ఒకరు కొలతలు వేస్తారు, మరొకరు అన్నీ రాసుకుంటారు. అచ్చం మన దగ్గర దొంగతనం జరిగిన ఇంటికి వచ్చే క్లూస్‌ టీమ్‌లాగే!

కంగారు పడకండి. అక్కడ నిజంగా దొంగతనమేమీ జరగలేదు. ముందురోజు సాయంత్రం సైన్సు టీచరే కప్పును దాచేసి, ఆధారాలన్నీ అమర్చిపెట్టి వెళ్లారు. అమెరికాలోని ఎన్నో హైస్కూళ్లలో ఫోరెన్సిక్‌ సైన్సు పాఠం దాదాపు ఇలాగే మొదలవుతుంది.

టీవీ తెచ్చిన మోజు

2000 సంవత్సరంలో అమెరికా టీవీలో 'సీఎస్‌ఐ' సీరియల్‌ మొదలైంది. తుపాకీ పట్టుకున్న పోలీసు కాకుండా మైక్రోస్కోప్‌ ముందు కూర్చున్న శాస్త్రవేత్త అందులో హీరో. అంతవరకూ కెమిస్ట్రీ అంటే ఆవులించిన పిల్లలు కూడా దానికి అతుక్కుపోయారు. ఈ మోజును పాఠంగా మలచుకోవచ్చు కదా అనుకున్నారు టీచర్లు. ఆ దేశపు ఫోరెన్సిక్‌ శాస్త్రవేత్తల అకాడమీ, కోర్ట్‌ టీవీ ఛానల్‌ కలిసి స్కూళ్ల కోసం ఉచితంగా పాఠాలు తయారుచేశాయి. టెక్సాస్‌లాంటి రాష్ట్రాల్లో హైస్కూలు విద్యార్థులు ఫోరెన్సిక్‌ను ఒక సైన్సు సబ్జెక్టుగానే తీసుకోవచ్చు.

అయితే టీచర్లకు మొదటి రోజే ఓ చిక్కు వచ్చిపడుతుంది. టీవీలో డీఎన్‌ఏ ఫలితం వ్యాపార ప్రకటనలు అయ్యేలోగా వచ్చేస్తుంది. అసలు ల్యాబుల్లో రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. టీవీలో ప్రతి కేసూ గంటలో తేలిపోతుంది. బయట ఏళ్లు గడిచినా తేలనివి ఎన్నో. అందుకే పిల్లలు టీవీలో నేర్చుకున్నదాన్ని మరిపించడంతోనే పాఠం మొదలవుతుంది.

ఒకే రకమా... ఒక్కటేనా?

మళ్లీ మన కప్పు దొంగ దగ్గరికి వద్దాం. 'తాళాలన్నీ ఊడ్చే మనిషి దగ్గరే ఉంటాయి, తీసింది అతనే!' అని క్లాసులో ఎవరో ఒకరు అనకమానరు. టీచర్‌ అవునూ అనరు, కాదూ అనరు. 'అది నువ్వు చూసిందా, అనుకున్నదా?' అని మాత్రం అడుగుతారు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీసి, ఒకవైపు చూసినవి, రెండోవైపు అనుకున్నవి రాయమంటారు. 'మట్టిలో బూటు గుర్తు ఉంది'... ఇది చూసింది. 'దొంగ కిటికీలోంచి దూకాడు'... ఇది అనుకున్నది.

తర్వాత చీటీ వంతు. నల్ల ఇంకు చుక్క పడిన వడపోత కాగితం అంచును నీళ్లలో ముంచితే, నీరు పైకి పాకుతూ ఇంకులోని రంగులను విడదీస్తుంది. నలుపులోంచి నీలం, ఎరుపు, పసుపు చారలు బయటికొస్తాయి. ఇదే క్రొమటోగ్రఫీ. మన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో చాలా ఏళ్లపాటు ఉన్న ప్రయోగమే ఇది. కాకపోతే అక్కడ మార్కుల కోసం చేశారు, ఇక్కడ దొంగ కోసం చేస్తున్నారు!

చీటీ మీది ఇంకు చారలు కోచ్‌ పెన్నుతో సరిపోతాయి. 'దొరికాడు!' అని పిల్లలు గంతులేసేలోపే టీచర్‌ లైబ్రేరియన్‌ పెన్ను కూడా పరీక్షించమంటారు. అవీ అవే చారలు! ఇద్దరివీ ఒకే కంపెనీ పెన్నులు మరి. అంటే ఇంకు చెప్పింది 'ఈ రకం పెన్ను' అని మాత్రమే. 'ఈ పెన్నే' అని కాదు. బూటు గుర్తూ అంతే. తొమ్మిదో నంబరు బూటు వేసుకునేవాళ్లు ఊళ్లో వేలమంది ఉంటారు. రకాన్ని చెప్పే ఆధారం వేరు, మనిషిని పట్టిచ్చే ఆధారం వేరు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ఫోరెన్సిక్‌ సైన్సు వచ్చినట్టే.

శంఖాలూ చక్రాలూ

ఇక జ్యూస్‌ గ్లాసు మీది వేలిముద్రలు. వేళ్ల మీద ఎన్ని శంఖాలున్నాయి, ఎన్ని చక్రాలున్నాయని మన బామ్మలు లెక్కపెట్టి జాతకం చెప్పేవారు. ఫోరెన్సిక్‌ పాఠంలోనూ ఇంచుమించు అవే రకాలు. ఒకవైపు నుంచి వచ్చి మలుపు తిరిగి అటే పోయే గీతలు, గుండ్రంగా తిరిగే చక్రాలు, విల్లులా వంగిన గీతలు. వీటిలో మొదటి రకమే ఎక్కువ... నూటికి అరవైకి పైగా. ఈ గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. డీఎన్‌ఏ ఒకేలా ఉండే కవలలకు సైతం వేలిముద్రలు వేరుగా ఉంటాయి.

ఈ విద్యకు మన దేశంతో గట్టి బంధమే ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పాటైంది. లక్షల ముద్రల్లోంచి కావాల్సినదాన్ని వెతకడం ఎలా అన్నది అప్పటి సమస్య. పోలీసు అధికారి ఎడ్వర్డ్‌ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్‌ హక్‌, హేమచంద్ర బోస్‌ దీన్ని లెక్కలతో విప్పారు. పది వేళ్లను అయిదు జతలు చేశారు. ఒక్కో జతలో చక్రం రెండు వేళ్లకూ ఉండొచ్చు, రెండింటికీ లేకపోవచ్చు, మొదటిదానికే ఉండొచ్చు, రెండోదానికే ఉండొచ్చు. అంటే నాలుగు వీళ్లు. నాలుగును అయిదుసార్లు హెచ్చిస్తే 1024. అన్ని అరలున్న బీరువాలో కార్డులు సర్దేశారు. ఏ ముద్ర వచ్చినా నేరుగా ఆ అర దగ్గరికే వెళ్లొచ్చు. ప్రపంచమంతా 'హెన్రీ పద్ధతి' అని వాడుకున్న విధానం వెనక ఇద్దరు బెంగాలీల బుర్ర ఉంది. ఘాతాంకాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు!

పంచాంగం చెప్పిన నిజం

ఆ బ్యూరో పెట్టిన ఏడాదే బెంగాల్‌లోని జల్పాయ్‌గుడీ జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యారు. పెట్టెలో డబ్బు పోయింది. అనుమానం చాలామంది మీదికి వెళ్లింది. తోట కూలీల మీద, ఆ దగ్గర్లో డేరాలు వేసుకున్న కాబూలీల మీద, వంటవాడి మీద. వంటవాడి బట్టల మీద రక్తపు మరకలు కూడా ఉన్నాయి! అయ్యగారి భోజనానికి పావురాన్ని కోశానని అతను మొత్తుకున్నాడు. పరీక్ష చేసిన రసాయన నిపుణుడి నివేదిక అతని మాటనే బలపరిచింది.

పెట్టెలో ఒక బెంగాలీ పంచాంగం ఉంది. దాని అట్ట మీద గోధుమ రంగు మరకలు. అందులో ఒకటి వేలిముద్ర! బ్యూరోలో వెతికితే, అంతకుముందు దొంగతనం కేసులో శిక్షపడిన ఒక పాత నౌకరు బొటనవేలితో అది కలిసింది. 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది. హత్య నేరం మాత్రం కొట్టేసింది. అతను పంచాంగాన్ని ముట్టుకున్నాడని వేలిముద్ర చెప్పింది. ప్రాణం తీశాడని చెప్పలేదు. ఆధారం ఎంత చెబితే అంతే వినాలి, అంతకు మించి ఊహించకూడదన్న పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

సైన్సూ తప్పు చేస్తుంది

వినకపోతే ఏమవుతుందో కూడా పిల్లలకు చెప్పాలి. 2004లో స్పెయిన్‌ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. డిటొనేటర్ల సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలోని ఓరెగాన్‌ రాష్ట్రానికి చెందిన ఒక లాయరుదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చేశారు. ఒకరు కాదు, ఒకరి తర్వాత ఒకరు అవునన్నారు. ఆయన్ని రెండు వారాలపాటు నిర్బంధించారు. చివరికి ఆ ముద్ర వేరే వ్యక్తిదని స్పెయిన్‌ పోలీసులు కనిపెట్టారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది.

2015లో మరో నిజం బయటపడింది. వెంట్రుకలను మైక్రోస్కోప్‌ కింద పోల్చి ఎఫ్‌బీఐ నిపుణులు ఇచ్చిన సాక్ష్యాలను తిరగేస్తే, పరిశీలించిన కేసుల్లో కనీసం 90 శాతంలో పొరపాటు మాటలున్నాయి. 'ఒకే రకం' అనాల్సిన చోట 'ఒక్కటే' అన్నంత ధీమాగా మాట్లాడారు. క్లాసులో రెండు పెన్నుల దగ్గర పిల్లలు చేయబోయిన తప్పే ఇది! అక్కడ పోయేది మార్కులు. కోర్టులో పోయేది మనిషి జీవితం.

పిల్లలకు ఈ హత్యల గోలెందుకని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. అందుకే చాలామంది టీచర్లు శవాల జోలికి పోకుండా పోయిన కప్పు, మాయమైన కేకు వంటి కథలే ఎంచుకుంటారు. రక్తం గ్రూపు పాఠానికి అసలు రక్తం అక్కర్లేదు, బదులుగా వాడే ద్రావణాలు దొరుకుతాయి. పిల్లల వేలిముద్రలను పాఠం అవగానే వాళ్లకే ఇచ్చేయాలి, స్కూల్లో దాచకూడదు.

మన ఇంటి దాకా

మన దేశంలో ఈ చదువు అవసరం పెరిగింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువుంది. నిపుణులు కావాలి కాబట్టి, డిగ్రీలు ఇచ్చేందుకు 2020లో గుజరాత్‌ కేంద్రంగా జాతీయ ఫోరెన్సిక్‌ సైన్సెస్‌ యూనివర్సిటీ వచ్చింది. డీఎన్‌ఏ వేలిముద్రల పరిజ్ఞానాన్ని దేశానికి అందించిన లాల్జీ సింగ్‌ పనిచేసింది మన హైదరాబాద్‌ సీసీఎంబీలోనే.

అందరు పిల్లలూ నిపుణులు కానక్కర్లేదు. సెలవురోజు ఇంట్లో కాసేపు సరదాగా మొదలుపెట్టొచ్చు. శుభ్రంగా తుడిచిన గాజుగ్లాసు మీద వేలు నొక్కి, మెత్తని బ్రష్షుతో టాల్కమ్‌ పౌడరు సుతారంగా అద్దండి. కనిపించిన ముద్ర మీద సెల్లోటేపు అంటించి తీసి నల్ల కాగితం మీద అతికించండి. ఇంట్లో అందరివీ తీసి, ఎవరిది ఏదో పోల్చమనండి. నల్ల స్కెచ్‌పెన్నులు రెండు మూడు రకాలు తెచ్చి క్రొమటోగ్రఫీ కూడా చేసి చూడొచ్చు. కాగితం మీది చుక్క నీళ్లలో మునగకుండా కాస్త పైన ఉండాలి, అంతే.

ఎప్పుడో ఒకరోజు ఇంట్లో ఉంగరం కనిపించదు. 'పొద్దున పనిమనిషి ఆ గది ఊడ్చింది' అని ఎవరో అంటారు. నలుగురి చూపులూ ఆమె వైపు తిరుగుతాయి. అప్పుడు మీ అమ్మాయో, అబ్బాయో నోట్‌బుక్‌లో గీత గీసి, 'అమ్మా, ఇది మనం చూసిందా, అనుకున్నదా?' అని అడిగితే కసరకండి. ముందు మంచం కింద, బాత్రూమ్‌లో, సబ్బుపెట్టెలో వెతకండి!