గాలపు గాయం – విడిచిన చేప మనుగడ: శామీర్‌పేట, మేడ్చల్ చెరువుల నేపథ్యం

వ్యాససంగ్రహం: వినోదం కోసం గాలంతో చేపను పట్టి, తిరిగి నీటిలో విడిచే పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. విడిచిన చేప బతుకుతుందా, ఏ గాయం దానికి ప్రాణాంతకమవుతుంది అనే ప్రశ్నలను హైదరాబాదు ఉత్తర శివారు చెరువుల్లోని కొర్రమట్ట, రవ్వ, బొచ్చె వంటి చేపలకు అన్వయించి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గాలం, కొర్రమట్ట, మొప్పలు, జిగురుపొర, పట్టి విడవడం.

1. ఉపోద్ఘాతం

ఇంద్రియలోలత్వానికి భారతీయ సాహిత్యం ఐదు దృష్టాంతాలను పదేపదే చెబుతుంది. శబ్దానికి లేడి, స్పర్శకు ఏనుగు, రూపానికి మిడత, రసానికి చేప, గంధానికి తుమ్మెద లొంగి నశిస్తాయి. ఈ వరుసలో చేపకు మృత్యురూపం గాలం. సంస్కృతం దాన్ని బడిశం అన్నది. తెలుగు నుడికారంలోనూ ‘గాలం వేయడం’, ‘ఎర చూపడం’ అంటే ఎదుటివారిని చిక్కించుకోవడమే. చిక్కినదాన్ని వదిలిపెట్టే ఊహ ఈ పలుకుబళ్లలో ఎక్కడా లేదు. అందువల్లనే కాబోలు, ఈ ఆధునిక వినోదానికి తెలుగులో ఇంకా స్థిరమైన పేరు ఏర్పడలేదు. ఈ వ్యాసంలో దాన్ని ‘పట్టి విడవడం’ అని వ్యవహరించడం జరిగింది.

ఈ పద్ధతిపై పరిశోధన ఎక్కువగా ఉత్తర అమెరికా మంచినీటి బాస్ చేపలపైన, ట్రౌట్ చేపలపైన జరిగింది. ఆ బాస్ మన చెరువుల సహజ చేప కాదు. ఆంధ్ర తీరంలోని పండుగప్పను ఆంగ్లంలో ఆసియా సీబాస్ అంటారు కాని దాని కుటుంబం వేరు. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా చెరువుల్లో బాస్‌తో పోల్చదగిన చేప ఏదంటే కొర్రమట్ట అనే చెప్పాలి. ఇతర ప్రాంతాల్లో కొర్రమీను అని పిలిచే ఈ చేపను తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. బాస్ వలెనే ఇది పొంచి ఉండి వేటాడుతుంది, పిల్లలను కాపలా కాస్తుంది. ఈ రెండు గుణాలూ గాలం విషయంలో దానికి ఎట్లా ప్రమాదమవుతాయో ముందు చూడవచ్చు.

2. గాయం ఎక్కడ?

విడిచిన చేపల మరణాలపై బార్తలోమ్యూ, బోన్‌సాక్ 2005లో ఒక సమీక్ష ప్రచురించారు. వారు సేకరించిన 274 అంచనాల సగటు 18 శాతం, మధ్యగతం 11 శాతం. అయితే ఒక్కో అంచనా సున్నా నుండి 95 శాతం వరకు ఉన్నది. ఇంత వ్యత్యాసం ఉన్నప్పుడు సగటును పట్టుకొని మాట్లాడడంలో అర్థం లేదు. వ్యత్యాసానికి కారణమేమిటన్నదే అసలు విషయం. ఆ కారణాలలో అన్నిటికన్న ముఖ్యమైనది కొక్కెం గుచ్చుకున్న చోటు.

పెదవికో, దవడకో గుచ్చుకున్న కొక్కెం సాధారణంగా చిన్న గాయమే చేస్తుంది. మొప్పల్లో గుచ్చుకుంటే రక్తస్రావం తీవ్రంగా ఉంటుంది. ఎందుకంటే నీటిలోని ప్రాణవాయువు రక్తంలోకి చేరే సన్నని నాళాలన్నీ అక్కడే ఉన్నాయి. గొంతులోకి దిగిన కొక్కెం గుండెకో, కాలేయానికో తగిలే అవకాశం ఉన్నది. చేప శరీరంలో గుండె మొప్పలకు వెనుకగా, గొంతుకు అడుగున చాలా దగ్గరగా ఉంటుంది.

ఇక్కడే చేప నోటి తీరు నిర్ణాయకమవుతుంది. రవ్వ, బొచ్చె, మృగాల చేపల దవడలకు పళ్లుండవు. అవి ఆహారాన్ని నీటితోపాటు పీల్చుకొని, గొంతులోని పళ్లతో నలుపుతాయి. పిండిముద్దకు తగులుకున్న రవ్వకు చాలాసార్లు కొక్కెం పెదవిలోనే ఉంటుంది. కొర్రమట్ట నోటి నిండా పళ్లు. అది ఎరను ఒక్కసారిగా మింగుతుంది. బతికిన కప్పనో, చిన్న చేపనో ఎరగా కట్టి, బెండు మునిగిన తరువాత కూడా ఆగి లాగేవారి గాలం దాని గొంతులోనే దొరుకుతుంది.

గొంతులో దిగినదాన్ని ఎట్లాగైనా తీసి వదలడమే దయ అని చాలామంది భావిస్తారు. ప్రయోగ ఫలితం దీనికి విరుద్ధంగా ఉన్నది. బాస్ కుటుంబానికే చెందిన బ్లూగిల్ చేపలపై ఫోబర్ట్ బృందం 2009లో చేసిన అధ్యయనంలో, లోతున దిగిన కొక్కేన్ని తీసివేసిన చేపల్లో సుమారు మూడోవంతు 48 గంటల్లో చనిపోయాయి. దారం కోసి, కొక్కెంతోనే వదిలినవాటిలో చనిపోయినవి 8 శాతమే. అట్లా వదిలిన చేపల్లో చాలావాటి నుండి కొక్కెం కొద్దిరోజుల్లో దానంతట అదే బయటపడింది. అసలు లోతున దిగకుండా చూడడం అంతకన్న మేలు. సర్కిల్ హుక్ అని పిలిచే గుండ్రటి కొక్కెం కొన లోపలికి తిరిగి ఉంటుంది కాబట్టి గొంతులో గుచ్చుకోకుండా జారివచ్చి నోటి మూలన పట్టుకుంటుంది. మామూలు కొక్కెంతో పోలిస్తే దీనితో మరణాలు తక్కువని కుక్, సస్కీ 2004లో చేసిన సమీక్ష చూపింది.

3. కనిపించని గాయం

కొక్కెం వల్ల అయ్యే గాయం కంటికి కనిపిస్తుంది. దానితో చాలాసేపు పెనుగులాడిన చేప కండరాల్లో చేరిన ఆమ్లం మాత్రం కనిపించదు. ఆ అలసటలో ఉన్న చేపను ఫొటో కోసం పైకెత్తితే మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కొని శ్వాస ఆగిపోతుంది. ఫెర్గూసన్, టఫ్ట్స్ 1992లో రెయిన్‌బో ట్రౌట్‌పై చేసిన ప్రయోగంలో, అలసిన చేపల్లో 12 శాతం, అలసిన తరువాత 30 సెకండ్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకండ్లు ఉంచినవాటిలో 72 శాతం 12 గంటల్లో మరణించాయి. ట్రౌట్ చల్లని నీటి చేప. ఆ అంకెలను రవ్వకు యథాతథంగా వర్తింపజేయరాదు. కాని కారణం రెండింటికీ ఒకటే. పైగా వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పడుతుంది. మే నెలలో నీరు తగ్గిన చెరువులో మధ్యాహ్నం విడిచిన చేప, తేరుకోవడానికి ఎక్కువ ఊపిరి కావలసిన సమయంలోనే తక్కువ ఊపిరి దొరికే నీటిలోకి వెళ్తుంది.

కొర్రమట్ట సంగతి భిన్నం. దానికి మొప్పలపైన గాలి పీల్చే గది ఉన్నది. పెరిగిన కొర్రమట్ట నీటిపైకి వచ్చి గాలి పీల్చకపోతే బతకలేదు. కాబట్టి ఒడ్డున కొంతసేపు ఉన్నంత మాత్రాన అది చావదు. ఈ మొండితనమే దానికి శత్రువు. గట్టిప్రాణం కదా అని దాన్ని మట్టిమీద పడేయడం, పొడి గుడ్డతో పట్టుకోవడం మామూలు. అప్పుడు ఒంటిమీది జిగురుపొర చెదిరి, పొలుసులు ఊడుతాయి. ఆ పొర చేపకు రోగక్రిముల నుండి రక్షణ. 1988లో భారతదేశంలోకి ప్రవేశించిన పుండ్లవ్యాధి కొర్రమట్ట జాతులను తీవ్రంగా పీడించింది. దానికి కారణమైన శిలీంధ్రంవంటి జీవి చర్మం దెబ్బతిన్నచోట సులువుగా నాటుకుంటుంది. ఉషారుగా ఈదుకుంటూ వెళ్లిన చేప వారం తరువాత పుండ్లతో తేలితే, దానికీ గాలానికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు. చేతులు తడిపి పట్టుకోవడం, వీలైతే నీటిలోనే కొక్కెం తీయడం ఇందుకే అవసరం.

చేపకు నొప్పి తెలుస్తుందా అన్నది వేరే చర్చ. ట్రౌట్ ముఖంపై హానిని గ్రహించే నాడీగ్రాహకాలున్నాయని స్నెడన్ బృందం 2003లో చూపింది. గ్రాహకాలు ఉన్నంతమాత్రాన బాధానుభవం ఉన్నట్లు కాదని వాదించేవారూ ఉన్నారు. ఈ వివాదం ఎట్లా తేలినా మరణాల లెక్క మారదు.

4. చేప ఎవరిది?

శామీర్‌పేట పెద్దచెరువు వంటి జలాశయాల్లోని చేప ఎవరికీ చెందని వన్యజీవి కాదు. తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. గంగపుత్రులు, ముదిరాజులు, బెస్తలు వంటి వారి జీవిక దానిపై ఆధారపడి ఉన్నది. విడిచిన చేప రెండురోజులకు చనిపోతే ఆ నష్టం వినోదించినవారికి తగలదు, వల వేసేవారికి తగులుతుంది. కావేరి మహసీర్ విషయంలో గాలగాళ్లు రాసిపెట్టిన లెక్కలే ఆ చేప స్థితిని తెలుసుకోవడానికి పనికివచ్చాయి. 1998–2012 మధ్య నమోదులను పిండర్ బృందం 2015లో విశ్లేషించింది. సంఘాలతో కలిసి అటువంటి నమోదు శివారు చెరువుల్లోనూ అసాధ్యం కాదు.

చివరగా, కాపలా కాసే గుణం సంగతి. వానకాలంలో కొర్రమట్ట పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపై కదులుతుంటాయి. కింద తల్లీతండ్రీ ఉంటాయి. గుంపుమీదికి విసిరిన ఎరను అవి ఆకలితో కాక కోపంతో కొడతాయి. అందుకే ఆ గుంపు కనిపించిన చోటనే గాలం పడుతుంది. గూడు కాచే మగ బాస్‌ను పట్టి విడిచినా, అది తిరిగి వచ్చేలోపు ఇతర చేపలు గుడ్లను, పిల్లలను తినివేయడం, కొన్నిసార్లు అది గూటినే వదిలివేయడం అమెరికా పరిశోధకులు గమనించారు. కొర్రమట్ట విషయంలోనూ అదే ప్రమాదం ఉన్నది. పెదవిమీద చిన్న గాయంతో, ఒక్క నిమిషంలో విడిచిన చేప తాను బతకవచ్చు. ఆ నిమిషంలోనే జెల్లలు దాని పిల్లల గుంపును చేరి ఉండవచ్చు.