బొమ్మల పుస్తకములోని డ్రాగను



పిల్లల మాట పెద్దలు నమ్మకపోవుట నూతన విషయము కాదు. మన్ను తినలేదన్న బాలకృష్ణుని మాట యశోద నమ్మలేదు. నోరు తెఱచి బ్రహ్మాండమునే చూపవలసివచ్చెను. మన యిండ్లలోని పిల్లలకు అట్టి సాక్ష్యము చూపు శక్తి యెక్కడిది?

జాక్ కెంట్ అను అమెరికా చిత్రకారుడు 1975లో ఈ విషయముపై నొక చిన్న బొమ్మల పుస్తకము రచించెను. బిల్లీ అను బాలుడు నిదుర లేచునప్పటికి గదిలో పిల్లికూన యంత డ్రాగను కనబడెను. తల్లితో చెప్పగా, డ్రాగనులనునవి లేనేలేవని యామె కొట్టివేసెను. అది బల్లపై కూర్చుండి బిల్లీకి పోసిన అట్లన్నియు తినివేసినను ఆమె మాట మార్చలేదు. లేదన్నకొలదియు నది పెరిగి యిల్లంతయు నిండెను. గదులు శుభ్రము చేయుటకు ఆ తల్లి కిటికీలగుండ దూరి పోవలసివచ్చెను, అయినను లేదనియే! ఈ బొమ్మ చూచి మేము చాలసేపు నవ్వితిమి. పిదప నవ్వు రాలేదు. తుదకు రొట్టెల బండి వెంట డ్రాగను ఇంటిని మోసికొని పరుగిడెను. ఉన్నదని బిల్లీ గట్టిగా పలికి తల నిమిరినంతనే యది మరల పిల్లికూన యంత యయ్యెను. గ్రంథకర్త ఆ తల్లిని దుష్టురాలినిగా చిత్రింపలేదు. పనిలో మునిగిన గృహిణి, అంతియే. అదియే మాకు నచ్చినది.

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమువారమైన మాకు ఈ కథ దూరము కాదు. ఇచ్చట కర్మాగారములు వెలసిన పిదప నక్కవాగు నీరు చెడినదను వ్యవహారము 1990లో సుప్రీంకోర్టు వఱకు పోయెను. పెద్దల మొఱకే యంత దూరము పోవలసివచ్చినచో, ఉదయమున గొంతు మండుచున్నదను పిల్లవాని మాట యేమి? "బడి యెగగొట్టుటకు వేషము" అనుట మా వీధిలో మేము వినినదే.

ఇంతకంటె భయంకరమైన డ్రాగను వేఱొకటి కలదు. బంధువో పొరుగువాడో తాకరాని విధముగ తాకెనని బిడ్డ చెప్పగా, "అతడట్టివాడు కాడులే" అని నోరు మూయించుట. ఇందు చట్టము మనకంటె ముందున్నది. ప్రశ్నను గ్రహించి తగిన యుత్తరమీయగల బిడ్డ సాక్షి కావచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టమే యంగీకరించెను. దాని స్థానమున 2023లో వచ్చిన చట్టమును అట్లే చెప్పుచున్నది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసు ఉద్యోగి యూనిఫారము ధరింపక, బిడ్డ యింటనో కోరిన చోటనో, తల్లిదండ్రులో బిడ్డ నమ్మినవారో దగ్గఱనుండగా వాంగ్మూలము వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవఱకు ఆ యుద్యోగి స్త్రీయే కావలెను. రాత్రివేళ బిడ్డను ఠాణాలో నుంచరాదు. 1098కు ఫోను చేసినను సాయము దొరకును. అంతకు ముందు, బిడ్డ చెప్పినది చెప్పినట్లే తేదీతో కాగితముపై వ్రాసి యుంచుడు. పదిమార్లు త్రిప్పి త్రిప్పి యడుగకుడు.