కోక్ చేసే మూడు పనులు

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి గ్రామం దగ్గర టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ (నేటి టాటా స్టీల్) తన తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే అడుగు నుంచి వేడిగాలి ఊది ఖనిజంలోని ఇనుమును కరిగించి తీసే ఎత్తైన కొలిమిని, 1911 డిసెంబరులో వెలిగించింది. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలో గుర్తించిన ఇనుప ఖనిజమూ, ఝరియా బొగ్గూ అందుబాటులో ఉండటం వల్లే ఆ చోటు ఎంపికైంది. 1919లో దానికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది.

ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1709లో కట్టెబొగ్గుకు బదులు, గాలి తగలకుండా బొగ్గును వేడిచేసి తయారుచేసే కోక్ వాడటంతో ఈ యంత్రం ఆధునిక రూపానికి బాట పడింది. 1828లో జేమ్స్ నీల్సన్ గాలిని ముందే వేడిచేసి ఊదే పద్ధతికి పేటెంటు పొందాక ఇంధనం ఖర్చు బాగా తగ్గింది. నేటికీ, విశాఖ ఉక్కు కర్మాగారంలోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ కొలుముల్లో సైతం, ఈ కోకే ప్రధానం. అది మండి వేడినిస్తుంది; కార్బన్ మోనాక్సైడ్‌గా మారి ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది (దీన్నే క్షయకరణం అంటారు); గట్టి గడ్డలుగా నిలిచి పైనున్న బరువును మోస్తూ వాయువులకు దారి వదులుతుంది. ఈ మార్గంలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

దీన్ని తగ్గించేందుకు టాటా స్టీల్ 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని ‘ఇ’ ఫర్నేస్‌లోకి, ఇంధనం ఎక్కించే ఏర్పాట్లలో 40 శాతం వాడి, హైడ్రోజన్‌ను పంపి చూసింది. దీనివల్ల కోక్ వాడకం 10 శాతం, ఉద్గారాలు 7 నుంచి 10 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. హైడ్రోజన్ ఆక్సిజన్‌ను లాగి నీటి ఆవిరిగా మారుతుంది గాని, ఆ చర్య వేడిని పీల్చుకుంటుంది, పైగా వాయువు బరువు మోయలేదు కనుక ఈ కొలిమిలో కోక్‌ను పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు.

అందుకు వేరే యంత్రం, హైడ్రోజన్ తీయడానికి చవకైన కరెంటు కావాలన్న సంగతిని యూరప్ అనుభవం చూపుతోంది. 2021లో యూరోపియన్ యూనియన్ తన దిగుమతి గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యా నుంచే తెచ్చుకుంది; 2022లో ఆ సరఫరా కుంగిపోగానే గ్యాసుతో పాటు కరెంటు ధరలూ ఆకాశాన్నంటగా, ఉక్కు సంస్థ ఆర్సెలార్‌మిట్టల్ జర్మనీలోని బ్రెమెన్‌లో ఒక ఫర్నేస్‌ను ఆపేసింది. ప్రభుత్వ సాయం ఖరారైనా, కరెంటు ఖరీదును ఒక కారణంగా చూపి, అక్కడ హైడ్రోజన్‌తో ఇనుము తీసే పథకాన్ని సైతం 2025లో విరమించుకుంది. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ 2024 సెప్టెంబరు 30న చివరి ఫర్నేస్‌ను మూసి, తుక్కును కరిగించే విద్యుత్ ఆర్క్ కొలిమి వైపు మళ్లింది.

తుక్కు కొరతగా ఉన్న భారతదేశంలో ఖనిజం నుంచే ఎక్కువ ఉక్కు తీయక తప్పదు. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. కాబట్టి గాలి, ఎండల నుంచి వచ్చే కరెంటు ఎంత చవకగా, ఎంత నిలకడగా అందుతుందన్న దాన్నిబట్టే జంషెడ్‌పూర్‌లో కోక్ తర్వాతి యంత్రం ఏదో తేలుతుంది.