తెల్ల ఎలుకల సాక్ష్యము

ఆహారమును గూర్చి చెప్పువారికి లోకమున కొదువ లేదు. చోడంబలి త్రాగినచో బలము కలుగునని ఒకరు, తరవాణి దేహమునకు చలువయని వేరొకరు చెప్పుచుందురు. వర్తకుడో సీసామీద "ప్రకృతిసిద్ధము" అని అచ్చువేయించి రెట్టింపు వెల అడుగును. పెద్దల అనుభవమును తృణీకరింపరాదు. అయినను ఒకడు అంబలి త్రాగి బలిష్ఠుడై యున్నచో, ఆ బలము అంబలివలన వచ్చినదో, పొలముపనివలన వచ్చినదో, చిన్ననాడు త్రాగిన పాలవలన వచ్చినదో చూచినంతమాత్రమున తెలియదు. ఈ చిక్కును విడదీయుటకే శాస్త్రజ్ఞులు తెల్ల ఎలుకను సాక్షిగా పిలిచిరి.

ఎలుకనే ఏల పిలువవలెను? అది మనవలెనే గింజలు, కూరలు, పాలు, మాంసము అన్నియు తినును. దాని గర్భకాలము సుమారు 22 దినములు. పిల్ల మూడు వారములకు తల్లిపాలు మానును. ఆయుస్సు రెండుమూడు సంవత్సరములు. కావున మనుష్యులలో తరములు పట్టెడి పరిశీలన వీనిలో కొలది సంవత్సరములకే ముగియును.

పరీక్షకు ప్రాణము న్యాయము. వయస్సు, బరువు, జాతి సమానముగా నున్న ఎలుకలను రెండు గుంపులుగా విభజింతురు. గూడు, నీరు, వెలుతురు అన్నియు ఇరువురకు నొక్కటే. మేతలో మాత్రము ఒకే యొక భేదముండును. పిమ్మట తిన్న మేతను, పెరిగిన బరువును తూచి వ్రాయుదురు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడైన ఫ్రెడెరిక్ హాప్కిన్సు 1912లో ప్రకటించిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణము. శుద్ధిచేసిన మాంసకృత్తు, పిండి, పంచదార, క్రొవ్వు, లవణములు మాత్రమే తిన్న పిల్ల ఎలుకలు పెరుగుట మానినవి. అదే మేతతో దినమునకు కొలది పాలచుక్కలు పొందినవి చక్కగా పెరిగినవి. 18వ దినమున పాలను ఒక గుంపునుండి మాన్పి రెండవదానికి ఇయ్యగా ఫలితము తలక్రిందులయ్యెను. పాలలో మరియేదో స్వల్పపదార్థము ప్రాణాధారముగా నున్నదని దీనివలన ఋజువయ్యెను. ఇట్టి పదార్థములనే మనము విటమినులని పిలుచుచున్నాము.

మన దేశమున ఈ పని 1918లో నీలగిరులయందలి కూనూరులో, రాబర్టు మెకారిసన్ అను వైద్యుని చేతిలో ఒక్క గదిలో ఆరంభమయ్యెను. ఆయన దేశమందలి వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టించెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు గల సిక్కుల భోజనము తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగినవి. తెల్లబియ్యమే ప్రధానమై పాలు కొద్దిగా గల మద్రాసు భోజనము తిన్నవి 155 గ్రాములే తూగినవి. ఎలుకలకు కులము లేదు, దేశము లేదు; కావున ఈ తారతమ్యము తిండివలననే కలిగినదని ఒప్పుకొనక తప్పదు. ఆ కూనూరు ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను.

ఈ విచారణ మన ఎలమంచిలికి దూరపుమాట కాదు. ఆ కాలమున మన ఉత్తర సర్కారుల తీరము బెరిబెరి వ్యాధికి పేరుపడి యుండెను. కాళ్లు తిమ్మిరియెక్కి, చచ్చుపడి, కొందరికి దేహము వాచి, గుండె నీరసించి ప్రాణమే పోవుచుండెను. మరలో తెల్లగా పాలిషుపట్టిన పచ్చిబియ్యమును పలుమారులు కడిగి, వండి, గంజి వార్చి పారబోయుటయే దీనికి ముఖ్యకారణము. రోగమును నివారించు బి-1 విటమిను తవుడుతోను, కడుగునీటితోను, గంజితోను పోవుచుండెను. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. ఏలయన వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు ఆ విటమిను గింజ లోపలికి దిగును. ఆ విటమినును 1936లో ప్రయోగశాలయందు తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరులో మిషనరీ దంపతులకు జన్మించినవాడు.

ఇక పెరుగు మాట. పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ఆయుర్వృద్ధి కలిగించునని ఇరువదవ శతాబ్దపు ఆరంభమున మెచ్నికాఫ్ అను పండితుడు తలంచెను. తగిన సంఖ్యలో లోపలికి పోయి మేలుచేయు సజీవ సూక్ష్మజీవులను నేడు ప్రోబయోటిక్కులందురు. వీనిని ఎలుకలలో పరీక్షించునప్పుడు ఒక గుంపునకు పాలు, రెండవదానికి పెరుగు, మూడవదానికి వేడిచేసి సూక్ష్మజీవులను చంపిన పెరుగు పెట్టవలెను. అప్పుడే మేలు పాలదా, పులుపుదా, సజీవులదా అని తేలును. మరియొక చిక్కు కలదు. ఎలుక తన మలమును తానే తినును. ప్రేగులలో సూక్ష్మజీవులు చేసిన విటమినులు ఆ దారిని మరల లోపలికి పోవును. దానిని తగ్గించుటకై గూటి అడుగున తీగవల అమర్తురు.

ఎలుక చెప్పినదంతయు మనకు వర్తించునా? వర్తింపదు. సి విటమినును ఎలుక తన దేహములోనే తయారుచేసికొనును, మనము చేసికొనలేము. ఎలుకనే నమ్మియుండినచో నిమ్మ, ఉసిరిక అనవసరమని చెప్పియుందుము! కావున తుదిమాట మనుష్యులలో చేసిన పరీక్షదే. పొరుగున ఒడిశా గ్రామములలో 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన పరీక్ష 2017లో ప్రకటింపబడెను. ఒక ఎన్నికచేసిన సూక్ష్మజీవిని, దాని పోషణకు తగిన చక్కెరను ఏడు దినములు పొందిన శిశువులలో రక్తము విషమించు వ్యాధియు మరణములును కలిపి 40 శాతము తగ్గినవి. ఈ ఫలితము ఆ సూక్ష్మజీవికే, ఆ మోతాదుకే చెల్లును. పసికందుకు ఇంటి పెరుగు నాకించుటకు ఇది అనుజ్ఞ కాదని తల్లులు గుర్తుంచుకొనవలెను.

నోరులేని జీవిని బాధించి తెలిసికొను జ్ఞానమును వృథాచేయుట పాపము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి ఇట్టి పరీక్షలపై నేడు పర్యవేక్షణ సంఘము కలదు. అవసరమునకు మించి ఎలుకలను వాడరాదు, నొప్పిని తగ్గింపవలెను.

విద్యార్థులారా, ఇకమీదట ఏ పదార్థమునైనను ఎవరైన పొగడినచో మూడు ప్రశ్నలు అడుగుడు. దేనితో పోల్చి చూచిరి? భేదము ఒక్కటియే యుండెనా? ఎలుకలలో చూచిరా, మనుష్యులలో చూచిరా? తలిదండ్రులారా, బియ్యము మరీ తెల్లగా పట్టింపకుడు, పలుమారులు కడుగకుడు, గంజి పారబోయకుడు. పప్పును, ఆకుకూరను, గ్రుక్కెడు మజ్జిగను బిడ్డల కంచమునకు చేర్చుడు. ఇందులకు పెద్ద వ్యయము లేదు. ఒకనాడు ఈ తీరమున అనేకులు ప్రాణములిచ్చి నేర్చిన పాఠమిది. దానిని మన వంటయిండ్లలో మరువకుందము.