సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొంటున్నారా? మైళ్ల కంటే ముందు ఇవి చెక్ చేయండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? బ్యాటరీ హెల్త్, డిస్‌ప్లే, నీళ్లలో పడిందా లేదా. మోటార్‌హోమ్‌కీ దాదాపు అదే లెక్క. డాలస్‌లో నేను, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొందామని మూడు నెలలుగా తిరుగుతున్నాం. అమ్మేవాళ్లందరిదీ ఒకటే డైలాగ్: "28 వేల మైళ్లే తిరిగింది బ్రో!" కారుకైతే అది పెద్ద ప్లస్సే. కానీ మోటార్‌హోమ్ ఎక్కువగా పాడయ్యేది పార్కింగ్‌లో, వానకి తడుస్తూ.

చాలా మోడల్స్‌లో గోడంటే ఫ్రేమ్, ఫోమ్, పలుచని ప్లైవుడ్, పైన అతికించిన ఫైబర్‌గ్లాస్ షీట్. రూఫ్ మీద సీలెంట్ పగిలితే నీళ్లు చుక్క చుక్కగా లోపలికి దిగుతాయి. ప్లైవుడ్ కుళ్లుతుంది, బయటి షీట్ ఉబ్బుతుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. ఫోన్ ఫ్లాష్‌లైట్‌ని గోడకి ఆనించి పక్క నుంచి వేస్తే ఉబ్బు అలల్లా కనిపిస్తుంది.

లోపల చూడటానికి పిన్ టైప్ మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనుక్కోండి, 40 డాలర్ల లోపే దొరుకుతుంది. ముందు పొడిగా ఉన్న చోట ఎంత చూపిస్తుందో నోట్ చేసుకుని, తర్వాత కిటికీల కింద, స్లైడ్‌అవుట్ మూలల్లో, డ్రైవర్ సీటు పైనున్న బెడ్ దగ్గర పెట్టి చూడండి. 20 శాతం దాటిందంటే నాకైతే డౌటే. మేం చూసిన ఒక 2016 క్లాస్ సి బండికి 42,000 డాలర్లు చెప్పారు. కొత్త ఫ్లోరింగ్, ఎల్ఈడీ లైట్లు, ఫోటోల్లో అదిరిపోయింది. మిగతా చోట్ల 9 చూపించిన మీటర్, పై బెడ్ మూలలో 31 చూపించింది. గోడ విప్పి మళ్లీ కట్టించడమంటే వేల డాలర్ల పని. బేరం కూడా ఆడకుండా వచ్చేశాం.

ఇక మనకి ఇష్టమైన టాపిక్, బ్యాటరీ. లెడ్ యాసిడ్ 100 ఏహెచ్ అయితే సగం వరకే వాడుకోవాలి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు. "13.2 వోల్ట్స్ ఉంది, ఫుల్" అంటే నమ్మకండి. ఈ లిథియం వోల్టేజ్ సగం చార్జ్‌లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. బ్లూటూత్ బీఎంఎస్ ఉంటే యాప్‌లో సైకిల్ కౌంట్, సెల్ వోల్టేజ్‌లు చూడండి. లేకపోతే బయటి కరెంట్ తీసేసి, ఇన్వర్టర్ మీద మైక్రోవేవ్ ఐదు నిమిషాలు నడపండి. బ్యాటరీ డొల్లదైతే బయటపడిపోతుంది. గ్యాస్ ఫ్రిజ్ ఉంటే ముందు రోజు రాత్రే ఆన్ చేసి ఉంచమనండి, అది చల్లబడటానికి గంటలు పడుతుంది.

ఇంజిన్‌కి ఓబీడీ2 డాంగిల్ పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్స్ లేవని సంబరపడొద్దు. రెడీనెస్ మానిటర్లు "నాట్ రెడీ" అంటుంటే కోడ్స్ ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు. టైర్ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. గాట్లు కొత్తగా కనిపించినా ఇంత పాతవైతే మార్చాల్సిందే. క్లాస్ సిలో సాధారణంగా ఆరు టైర్లుంటాయి, ఆ ఖర్చు రాసుకోండి.

ధర కోసం జేడీ పవర్ సైట్‌లో ఆ మోడల్ వాల్యూ చూసి, రాసుకున్న రిపేర్లన్నీ అందులోంచి తీసేయండి. మిగిలిందే మన ఆఫర్. అడ్వాన్స్ ఇచ్చే ముందు విన్ నంబర్‌ని ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొట్టండి, పెండింగ్ రీకాల్స్ ఫ్రీగా చూపిస్తుంది.